మొదటి నెల వడ్డీ



ముంగారు వానలు పడగానే కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, తుగ్గలి, పత్తికొండ ప్రాంతాల పొలాలలో ఒక వింత దృశ్యం కనిపిస్తుంది. దూరపు ఊళ్ల నుండి సయితం జనం వచ్చి, తడిసిన నేలపై చూపు నిలిపి వంగి నడుస్తూ ఉంటారు. వారు వెదికేది వజ్రాలను. ఎప్పుడో ఒకరికి దొరకడం నిజమే. దొరికినవారి సంగతి మరునాటికి పత్రికలకెక్కుతుంది. వట్టి చేతులతో ఇల్లు చేరినవారి సంగతి ఎవరూ వ్రాయరు. ఇందులో మోసమేమీ లేదు. ఆ నేల ఎవరికీ మాట యిచ్చి తప్పలేదు. అయితే ఒక్కరికి దక్కిన భాగ్యాన్ని విని వందమంది బయలుదేరే ఈ మనుష్య స్వభావాన్ని ఆధారం చేసికొని వేరొక వ్యాపారం నడుస్తూ ఉంటుంది. అక్కడ మొదటివానికి వజ్రం దానంతట అది దొరకదు. దొరికేటట్లు చేస్తారు. ఈనాటి ప్రసంగం ఆ వ్యాపారాన్ని గురించి.

కర్నూలు, కడప మండలాల మెట్ట రైతుకు వడ్డీ లెక్క తెలియదనుకొనడం పొరపాటు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఇరవై నాలుగని ఇక్కడి పిల్లవాడు కూడ చెప్పగలడు. తెలియనిది లెక్క కాదు. వేరుశనగ వేసినవాడు విత్తనపు ఖర్చయినా చేతికి వచ్చేదీ లేనిదీ ఆకాశాన్ని అడగవలసిన దేశమిది. అటువంటి చోటికి ఒకడు వచ్చి, “వాన వచ్చినా రాకున్నా నెల మొదటి తేదీన నీ డబ్బు నీ ఇంటికి వస్తుంది” అంటే, ఆ మాటలో వడ్డీ కంటె నిశ్చింత ఎక్కువగా వినిపిస్తుంది. వాడు అమ్మేది ఆ నిశ్చింతనే.

దాని యంత్రాంగం ఎంత సులభమైనదో చూడండి. పదిమంది తలా లక్ష రూపాయలు కట్టినారనుకొందాము. వసూలైనది పది లక్షలు. నూటికి ఐదు రూపాయల వంతున నెలకు ఒక్కొక్కరికి ఐదు వేలు, మొత్తం యాభై వేలు చెల్లించవలెను. పెద్దమనిషి అందులో నాలుగు లక్షలు ముందే తన జేబులో వేసికొన్నాడు. మిగిలిన ఆరు లక్షలతో, ఏ వ్యాపారమూ చేయకుండా, ఏ పైరూ పండించకుండా, పన్నెండు నెలల పాటు తేదీ తప్పకుండా వడ్డీ పంచగలడు. ఆ ఏడాదిలో కట్టినవారు పుచ్చుకొన్నది వారి సొమ్మే. కాని ఊరిలో జరిగే ప్రచారమేమి? “పన్నెండు నెలలు చూచినాము, ఒక్క రోజు ఆలస్యం కాలేదు” అని. ఆ మాట విని మరి యాభైమంది కడతారు. చాలామంది వచ్చిన వడ్డీని గూడ ఇంటికి తీసికొనిపోరు, తిరిగి అక్కడే కడతారు. మొదటి నెల వడ్డీ సక్రమంగా అందడాన్ని మనం నిజాయితీకి సాక్ష్యంగా తీసికొంటున్నాము. మోసగాడు దానిని ఎరఖర్చు క్రింద వ్రాసికొంటాడు.

ఈ ఉపాయం మన దేశంలో పుట్టినదీ కాదు, నిన్న మొన్నటిదీ కాదు. 1920లో అమెరికాలోని బోస్టను నగరంలో చార్లెస్ పోంజీ అనే ఇటలీ దేశస్థుడు తపాలా కూపన్ల వ్యాపారమని చెప్పి, నలభై ఐదు రోజులలో నూటికి యాభై లాభమని ప్రకటించి, కొద్ది నెలలలోనే వేలాది జనం చేత డబ్బు కట్టించినాడు. ఆ ఏడు ఆగస్టుకే అది కూలిపోయినది. అతని పేరు ఈ జాతి మోసాలకు లోకమంతటా నిలిచిపోయినది.

మన రాష్ట్రంలో అగ్రిగోల్డు పేరు వినని ఊరు లేదు. విజయవాడ కేంద్రంగా నడచిన ఆ సంస్థ, గడువు తీరేసరికి ఇంటి స్థలం గాని భూమి గాని, వద్దన్నవారికి పెరిగిన మొత్తం గాని ఇస్తామని చెప్పి, పలు రాష్ట్రాలలో సుమారు 32 లక్షల ఖాతాల మీద 6,380 కోట్ల రూపాయల వరకు వసూలు చేసినది. 2015 నాటికి వ్యవహారం నేర పరిశోధక శాఖ చేతికి వచ్చినది. ఖాతాలలో అధిక భాగం చిన్నవి. 2019 నవంబరులో పదివేల లోపు కట్టినవారికి, 2021 ఆగస్టులో ఇరవై వేల లోపు వారికి రాష్ట్ర ప్రభుత్వం ఖజానా నుండి చెల్లించవలసి వచ్చినది. కూలి డబ్బులో దాచి పదివేలు చేసినవారు నాలుగేండ్లకు పైగా ఎదురు చూచినారన్నమాట.

ఇంకొక ఉదంతం మన కర్నూలు సీమదే. కేశవరెడ్డి విద్యాసంస్థలు తల్లిదండ్రుల వద్ద పెద్ద మొత్తాలు డిపాజిట్టుగా తీసికొనేవి. పిల్లవాని చదువుకు జీతం కట్టనక్కరలేదు, చదువు ముగిసిన పిదప అసలు తిరిగి ఇస్తామన్నది ఒడంబడిక. గడువు తీరినవారు అడిగినప్పుడు సొమ్ము రాలేదు. ఫిర్యాదులు పెరిగి, 2015 సెప్టెంబరులో సంస్థ అధిపతిని పోలీసులు అరెస్టు చేసినారు. దీనిని నేను ప్రత్యేకించి పేర్కొనడానికి కారణమున్నది. కట్టినవారు పేరాశాపరులని దెప్పడం సులభం. ఇక్కడ ఆ తల్లిదండ్రులు కోరినది రెట్టింపు కాదు, పిల్లవాని చదువు, తమ అసలు. వారికి కంటి ఎదుట భవనం కనిపించినది, గంట కొట్టడం వినిపించినది, పిల్లలు చక్కగా చదువుతున్నారు. పాఠశాల నిజమే. అంతమాత్రాన అసలు భద్రంగా ఉన్నట్లు కాదు. ఆ డబ్బు ఏ ఖాతాలో నిలిచియున్నది, దేనికి ఖర్చవుతున్నది అనే ప్రశ్న వేరు. దానికి భవనం జవాబు చెప్పదు.

ఇక ఏజెంటు సంగతి. అతడు అపరిచితుడు కాడు. మేనల్లుడో, పిల్లల ఉపాధ్యాయుడో, పొలం గట్టు పంచుకొన్న పొరుగువాడో అయి ఉంటాడు. “మామా, నేనే కట్టినాను, నిన్ను ముంచుతానా?” అంటాడు. అతడు చెప్పేది నిజం. అతడూ కట్టినాడు. ముందుగా మోసపోయినవాడు అతడే. సంస్థలు మూతబడిన తరువాత యజమానులు దూరంగా ఉంటారు. ఊరివారి ఎదుట నిలువవలసినవాడు ఏజెంటే. ముఖం చూపలేక ప్రాణాలు తీసికొన్నవారున్నారు. కాబట్టి బంధువు తెచ్చిన పత్రాన్ని పరిశీలించడం బంధువును అనుమానించడం కాదు. “నీ మీద నమ్మకమున్నది నాయనా, కాగితం మాత్రం బ్యాంకులో చూపించి వస్తాను” అనడానికి మొగమాటమెందుకు?

ఏమి చూడవలెను? రిజర్వు బ్యాంకు అనుమతితో డిపాజిట్లు తీసికొనే ఆర్థిక సంస్థ సయితం ఏడాదికి నూటికి పన్నెండున్నరకు మించి వడ్డీ ఇవ్వరాదు, బహుమతులు ఎరగా చూపరాదు. అంతకు మించి డిపాజిట్టు మీద వాగ్దానం చేసేవాడు ఆ హద్దుకు వెలుపల ఉన్నాడు. ఇంట్లో చేసికొనదగిన లెక్క ఒకటున్నది. 72ను వడ్డీ రేటుతో భాగిస్తే సొమ్ము ఎన్నేండ్లకు రెట్టింపవుతుందో స్థూలంగా తెలుస్తుంది. ఏడు శాతం మీద పదేండ్లు. రెండేండ్లలో రెట్టింపు అన్నవాడు ఏడాదికి ముప్పై ఆరు శాతం చెబుతున్నాడు. అంత లాభం వచ్చే వ్యాపారమైతే వాడు మన గడపకు ఎందుకు వచ్చినాడు? అనుమతిని గురించిన సందేహాలకు రిజర్వు బ్యాంకు నడిపే “సచేత్” అనే వెబ్‌సైటు ఉన్నది. చీటీల విషయంలో 1982 చట్టం క్రింద రిజిస్ట్రారు అనుమతి ఉన్నదా అని అడగండి. చీటీ స్వతహాగా మోసం కాదు. ఎన్నో ఇండ్లలో పెండ్లిండ్లు చేయించినది అదే. 2019లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం క్రమబద్ధం కాని డిపాజిట్లను వసూలు చేయడమే నేరం. మోసం బయటపడేదాకా ఆగనక్కరలేదు.

టెలిఫోనులో పోలీసునని చెప్పి, “నిన్ను డిజిటల్ అరెస్టు చేసినాము, ఎవరితోనూ చెప్పకు” అని బెదిరించే వారిని గురించి ఒక్క మాట చాలును. అటువంటి అరెస్టు మన చట్టంలో లేదు. ఎవరితోనూ చెప్పవద్దన్నప్పుడే నలుగురితో చెప్పవలెను.

డబ్బు పోయినదని తెలిసినవారు తరచుగా చేసే పని మౌనం. ఇంట్లో భార్యకు తెలియరాదని భర్త, కొడుకుకు తెలియరాదని తండ్రి దాచుకొంటారు. ఆ రోజులలోనే సొమ్ము చేతులు మారిపోతుంది. బ్యాంకు ద్వారానో, ఫోను ద్వారానో పోయినప్పుడు వెంటనే 1930 నంబరుకు తెలియజేస్తే, అవతలి ఖాతా నుండి బయటకు పోకముందే సొమ్మును నిలుపగల అవకాశమున్నది. గంటలు గడచేకొద్దీ అది సన్నగిల్లుతుంది. నగదుగా కట్టినవారు పోలీసుస్టేషనుకు పోయేటప్పుడు బాండ్లు, రసీదులు, ఏజెంటు సంతకమున్న చిన్న చీటీ వరకు వెంట తీసికొనిపోవలెను. అసలు కాగితాలు ఎవరికీ వదలిపెట్టవద్దు, నకళ్లు ఇవ్వండి. “ఎట్లాగూ పోయినదే” అని బాండును చించివేసినవారున్నారు. ఏండ్ల తరువాత చెల్లింపు ప్రకటన వెలువడినప్పుడు మొదట అడిగేది ఆ బాండునే.