కాపురముండగనే ఇల్లు బాగుచేసికొనుట

(పాఠశాల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



ఇటువంటి సభలలో పెద్దలు విద్యను గూర్చియు, మాతృభాషను గూర్చియు ఉపన్యసించుట ఆచారము. మమ్ములను మాత్రము ఇంటిని గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. రెండు సంవత్సరములుగా మేము మా పాత రాతి యింటిలో కాపురముండుచునే దానిని బాగుచేయించుకొనుచు, పెరటివైపున పెంచుకొనుచున్న సంగతి వారెరుగుదురు. మీలో అనేకులకు అట్టి యిండ్లు గలవు. వానిని ఏమి చేయవలెనను ప్రశ్న మీ యింటను నేడో రేపో పుట్టక తప్పదు. కావున అంగీకరించితిమి.

మా యిల్లు బరంపురపు పాత వీధులలోని పెక్కు యిండ్లవలెనే వీధికి ఇరుకు, లోనికి పొడవు. వీధి అరుగు, చావడి, మండువా, నట్టిల్లు, వంటిల్లు, పెరడు అను వరుసలో నుండును. గోడలు రెండడుగుల మందమున కొండరాతితోను సున్నముతోను కట్టినవి. పైన మద్రాసు మిద్దె. అనగా కొయ్య దంతెలమీద సన్నని ఇటుకలను నిలువుగా పేర్చి, సున్నముతో కలిపిన ఇటుక కంకరను దిమ్మిసకొట్టి చేసిన పైకప్పు. దంతెలు రంగూను టేకు. గోపాలపురపు రేవునుండి రంగూనునకు ఓడలు నడచిన దినములలో గంజాము జిల్లావారు వేలకొలది బర్మాకు పనికై పోయెడివారు. ఆ సంపాదనయు ఆ టేకును కలిసి మా యిల్లయినది. 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి, గంజాము అందు చేరినపుడు మా బంధువులు కొందరు ఇండ్లమ్ముకొని విశాఖపట్టణమువైపు తరలిపోయిరి. మావారు తరలలేదు. అందులకు కారణము ధైర్యమో అభిమానమో అని మేము చెప్పజాలము. ఇల్లు కట్టి పదియేండ్లయినను కాలేదు, విడిచిపోవుటకు మనసొప్పలేదని మాత్రము మా యింట చెప్పుకొందురు.

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము చెంత తీరము దాటినది. గాలి గంటకు 200 కిలోమీటర్లకు మించి వీచినది. మా గోడ రవ్వంతయు కదలలేదు. కాని మిద్దెమీద ఏనాడో మొలచిన రావిమొక్కల వేళ్ళు చేసిన సందులలోనుండి ఆ రాత్రి దిగిన నీరు మరి ఆగలేదు. ప్రతి వానకాలమునను కొంచెము కొంచెముగా దిగి, నట్టింటి దంతెలలో మూడింటి కొనలను గోడలోపలనే కుళ్ళజేసినది. గాలికి భయపడితిమి గాని, ఇంటికి నిజమైన శత్రువు నీరే. మన జిల్లాలో ఏటా సుమారు 1200 నుండి 1300 మిల్లీమీటర్ల వాన కురియును.

ఇల్లు ఖాళీచేసి, నేలమట్టము గావించి, స్లాబు వేయుడని హితవు చెప్పినవారు పెక్కుమంది. ఒక సంవత్సరము పట్టణమునకు ఆ కొసను అద్దె కుండవలెనట. పిల్లలిరువురు మన పాఠశాలకు నడచిపోవుదురు. ఆ కొసనుండి నడచి రాలేరు. అచ్చట చేరువనున్న బడిలో చేర్పింపవలసియుండును. ఒక్క యేడాదికే గదా యని మరియొక భాష బడికి పోయిన పిల్లలు మరల తెలుగు బడికి తిరిగి వచ్చుట మేమంతగా చూచియుండలేదు. మీరును చూచియుండరు. గోడ పడినచో మరల కట్టుకొనవచ్చును. మూడవ తరగతిలో విడిచిన చదువును తొమ్మిదవ తరగతిలో అందుకొనుట అంత సులభము కాదు. ఈ యొక్క కారణముచేతనే మేము కదలక కూర్చుంటిమి.

మనుష్యులు విడిచిన కట్టడముల గతి మన జిల్లాలోనే చూడవచ్చును. గంజాము పట్టణమున ఋషికుల్యా తీరమందలి పోతగడ కోటను 1768లో ఇంగ్లీషువారు కట్టిరి. 1815 ప్రాంతమున జ్వరములు ప్రబలి వారు ఆ పట్టణమును విడిచిన పిమ్మట అది పాడుపడినది. కోణార్కమున జగమోహనము కూలకుండుటకై 1903లో లోపల రాళ్ళు, ఇసుక నింపి ద్వారములు మూసిరి. కట్టడము నిలిచినది, కాని లోన అడుగు పెట్టుటకు తావులేదు. దేవాలయమునకు అది తగిన ఉపాయమే కావచ్చును. ఇంటికి పనికిరాదు.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అనిరి మన పెద్దలు. కాపురముండి ఇల్లు కట్టి చూడుమని వారనలేదు. అంతటి సాహసము వారికి తోచియుండదు. మిద్దె పని సంక్రాంతి వెళ్ళిన పిదప మొదలిడి, మృగశిర కార్తె ప్రవేశించులోపల ముగియవలెను. చిక్కేమనగా, పిల్లల పరీక్షలును ఆ దినములలోనే వచ్చును. అందుచేత ఇంటిని రెండుగా విభజించి, నడుమ తడిపిన గోనెపట్టాలు కట్టితిమి. ఒక సగమున పని, రెండవ సగమున కాపురము. వంట కొన్నాళ్ళు మండువాలో, కొన్నాళ్ళు పెరటి పంచలో సాగినది. దేవుని పటములు మూడు పర్యాయములు స్థలము మారినవి. పిల్లలు చదువుకొను బల్ల ఎన్ని పర్యాయములు మారినదో లెక్కలేదు. కాని ఒక నియమము పెట్టుకొంటిమి: సాయంకాలము ఆరు గంటలకు సుత్తి చప్పుడు ఆగవలెను, బల్లమీద దీపము వెలుగవలెను. పనివారును ఈ నియమమును మన్నించిరి.

ఇంక సున్నమును గూర్చి కొంచెము విపులముగా చెప్పవలెను. ఏలయన పాత యిండ్లకు జరుగుచున్న హానిలో ఎక్కువ భాగము ఇందలి తెలివిమాలిన తనమువలననే కలుగుచున్నది. రాతిగోడ భూమినుండి తేమను పైకి పీల్చును. సున్నపు పూత ఆ తేమను మెల్లమెల్లగా గాలికి విడిచిపెట్టును. గోడ ఊపిరి తీసికొనుచున్నదని మేస్త్రీలనెడి మాట కిదియే అర్థము. సిమెంటు పూత ఆ దారిని మూసివేయును. అప్పుడు తేమ ఎటుపోవలెనో తోచక ఇంకను పైకి ప్రాకును, తనతో ఉప్పును తీసికొనిపోవును, ఆ ఉప్పు పూతను పొరలుపొరలుగా రాల్చును. ఇరువది యేండ్ల క్రిందట ఒక గుత్తేదారుడు తేమ పోవునని చెప్పి మా నట్టింటి గోడకు నడుమెత్తు వరకు సిమెంటు పూయించెను. కొన్నాళ్ళకు తేమ రొమ్మెత్తునకు ఎక్కినది. 1824లో ఇంగ్లండున ఆస్ప్‌డిన్ అను తాపీపనివాడు తన సిమెంటుకు హక్కుపత్రము పొందినపుడు మా నట్టింటిని మనసులో నుంచుకొని యుండడు. దోషము సిమెంటుది కాదు, దానిని తగని చోట పూసినవారిది.

ఆ పూతను ఉలితో ఒక్కొక్క గోడకే తీయించి, ఒక వేసవి యంతయు గోడను ఆరనిచ్చితిమి. పెరట గుంట త్రవ్వించి సున్నపురాయిని నీళ్ళలో విరియించితిమి. ఆ సమయమున అది కుతకుత ఉడుకును; చుక్క కంటబడిన చూపునకే ముప్పు. కాన ఆ దినము పిల్లలను పొద్దుటినుండి సాయంకాలము వరకు బంధువులయింట నుంచితిమి. కాపురముండి పనిచేయించువారు ఇది మరువరాదు. తరువాత ఆ సున్నమును నీటిక్రింద నెలకుపైగా మాగనిచ్చి, ఏటి ఇసుకయు, ఇటుకపొడియు కలిపి దంచించితిమి. ఎద్దులు త్రిప్పు సున్నపు గానుగ మాకు దొరకలేదు, రోకలియే గతియైనది. సముద్రపు ఇసుక చేరువలో ఊరకనే దొరకును గాని, అందలి ఉప్పు గోడను ఎన్నటికిని ఆరనీయదు. మిద్దెమీది చివరి పూతకు కరక్కాయయు బెల్లమును నానవేసిన నీరు వాడితిమి. రోహిణి కార్తె ఎండకు సున్నము త్వరగా ఎండి బీటలిచ్చును గనుక తడి గోనెలు కప్పి ఉంచితిమి.

కుళ్ళిన దంతెలను పూర్తిగా తీసివేయలేదు. క్రింద సరుగుడు గుంజలు ఊతమిచ్చి, చెడిన కొనలను మాత్రమే కోయించి, గుగ్గిలపు చేవకొయ్యను బోల్టులతో అతికించితిమి. కొన చుట్టును గోడలో గాలి ఆడునట్లు సందు విడిపించితిమి. వడ్రంగి మిగిలిన టేకును చిత్రికపట్టి చూపినపుడు అది నిన్న కోసిన కొయ్యవలె నుండెను.

నట్టింటి ద్వారమును ఆరడుగులకు వెడల్పుచేసి పెద్ద హాలు చేయుదుమని ఒక గుత్తేదారుడు ముందుకు వచ్చెను. చూచుటకు ముచ్చటగనే యుండెడిది. కాని మా తాపీమేస్త్రి గోడను చిన్న సుత్తితో తట్టుచు పోయి, ఒకచోట గట్టిగా మ్రోగుటయు, వేరొకచోట డొల్లగా పలుకుటయు మాకు వినిపించెను. పాత రాతిగోడకు ఇరువైపుల మంచి రాళ్ళుండును. నడుమ చిన్న రాళ్ళు, మన్ను నింపియుందురు. ఈ మొగమునుండి ఆ మొగము వరకు సాగిన పొడవాటి రాళ్ళు తక్కువైనచోట రెండు మొగములు విడివడి ఉబ్బును. అట్టి గోడకు పెద్ద బెజ్జము చేసిన మిద్దె మన నెత్తిన బడును. ఇంజనీరును పిలిపించి చూపితిమి. ఆయన ద్వారము జోలికి పోవద్దనియు, డొల్లయున్న చోట క్రిందినుండి పైకి క్రమముగా పలుచని సున్నపు ద్రవము పోయింపుమనియు చెప్పెను. హాలు ఆశ వదలుకొంటిమి. అది యిల్లు మాకు విధించిన హద్దు.

పెంచినది పెరటివైపున ఒక్క గది, పిల్లల చదువునకు. క్రొత్త గోడను పాత గోడలోనికి జొనిపి కట్టలేదు. పాత గోడ భూమిలో దిగవలసినంత ఎన్నడో దిగియున్నది. క్రొత్తది ఇంకను దిగును. రెంటిని బిగించినచో బీట తప్పదు. నడుమ సన్నని ఎడము విడిచి, వాన చొరకుండ పైన మూత వేయించితిమి. పునాదిని సైతము పాత గోడ పునాదికంటె లోతు పోనీయక, మూడు నాలుగడుగుల తునకలుగా త్రవ్వించితిమి. డబ్బు సంగతి అడుగకుడు. అనుకొన్నదానికంటె ఎక్కువైనది, అందరికిని అట్లే యగును.

మేస్త్రిగారు ఒడియావారు, వడ్రంగి తెలుగువారు. వారిరువురి నడుమ పని ఏ భాషలో సాగినదో మేము చెప్పలేము. పిల్లలు మాత్రము గోడను కాంథొ అనియు, సున్నమును చూనొ అనియు ఒకరివద్ద నేర్చి, రెండవవారివద్ద ద్వారబంధము, దంతె, తాపీ, రసమట్టము అను మాటలు నేర్చిరి. ఈ తెలుగు మాటలు వారి వాచకములలో లేవు. మా తల్లిగారు దీపపు గూడు, అటక, ఉట్టి చేర్చిరి. చూరు అను మాటను చేర్పబోగా, మిద్దెయింట చూరెక్కడిదని చిన్నవాడు ఆక్షేపించెను. పెంకుటింటికి తీసికొనిపోయి చూపవలసివచ్చినది. ఆ మాటలన్నియు ఒక నోటుపుస్తకములో వ్రాసికొనిరి. స్లాబు వేసిన యింట వానిలో సగమునకు పని యుండదు, పనిలేని మాటను ఏ పిల్లవాడును జ్ఞాపకముంచుకొనడు.

మిద్దెమీదికి పోవు మెట్లు, వీధి అరుగు ఇంకను మిగిలియున్నవి. వచ్చే సంక్రాంతి దాటిన పిమ్మట ఆ పని మొదలిడుదుము. పెరటి గుంటలో మాగిన సున్నము ఇంకను కొంత కలదు. నీటిక్రింద నున్నంతవరకు అది చెడదు. గోడకు బీటలున్నవారెవరైనను మూతగల పాత్రతో వచ్చినచో ఇచ్చెదము. పిల్లలను మాత్రము పంపకుడు, పెద్దలే రావలెను.