ఇంటి సంగీతయంత్రము: ఏది ముందు మార్చవలెను?

ఇంటిలో సంగీతము వినుటకై అమర్చుకొన్న యంత్రము కొంత పాతబడినంతనే దానిని మార్చవలెనన్న కోరిక తలయెత్తును. అందులో ఏ భాగమును ముందు మార్చవలెనో మాత్రము వెంటనే తోచదు. మా యింట జరిగినది మనవి చేసిన, మీకును కొంత ఉపకరింపవచ్చును.

మా సీడీ ప్లేయరు ఇరువది యేండ్లుగా పనిచేయుచున్నది. ఇటీవల అది కొన్ని డిస్కులపై పాట నడుమ తడబడజొచ్చెను. ‘మంచి డాక్ ఒకటి తగిలింపుడు, అంతయు చక్కబడును’ అని తెలిసినవారు కొందరు సలహా చెప్పిరి. డాక్ అనగా అంకెలను విద్యుత్తరంగములుగా మార్చు సాధనము. అందులకై సొమ్ము కూడబెట్టితిమి.

సీడీలో నున్నది అంకెల వరుస మాత్రమే. 1982లో జపానులో తొలి ప్లేయరు అమ్మకమునకు వచ్చినది మొదలు దాని కొలత మారలేదు. సెకండునకు 44,100 మారులు ధ్వనిని కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్ల అంకెగా వ్రాయుదురు. దానిలో 20,000 హెర్ట్జ్‌ల వరకు గల ధ్వనులు ఇముడును. మానవుని చెవికి అందునది ఇంచుమించుగా అంతియే; వయసుతో అదియు తగ్గును. లేజరు అంకెలను చదువును, డాక్ వాటిని తరంగములుగా మార్చును, ఆంప్లిఫయరు బలమిచ్చును, స్పీకరు గాలిని కదల్చును. లేజరు చదువలేని అంకెను ఎంత ఖరీదైన డాకైనను పుట్టింపజాలదు. మా యంత్రమునకు రోగమొకటి, మేము కొనబోయిన మందు వేరొకటి!

అయినను దుకాణములో విన్నప్పుడు క్రొత్త డాక్ మిన్నగానే తోచెను. అటువంటిదే ఒక మిత్రునియొద్ద ఎరువు తెచ్చితిమి. కొలిచి చూడగా దాని ధ్వని కొంచెము హెచ్చుగా నుండెను. రెంటిలో కాస్త బిగ్గరగా వినవచ్చునదే మనకు మేలుగా తోచుట సహజము. ధ్వనులను సమానము చేసి, ఏది మ్రోగుచున్నదో చెప్పకుండ మార్పించి, పది మారులు వింటిమి. సరిగా గుర్తించినవి ఐదే. బొమ్మా బొరుసా వేసినను అంతియే గదా!

పిదప స్పీకర్లను మూలలనుండి రెండడుగులు ముందునకు జరిపి, వట్టిగోడకు దళసరి తెర కట్టితిమి. మృదంగపు మోత తగ్గి గాత్రము స్పష్టమయ్యెను. ఈ మార్పును ఇంటిల్లిపాదియు అడుగకయే గుర్తించిరి. ఖర్చు తెరగుడ్డ వెల మాత్రమే.

‘హై రిజల్యూషన్’ అను మాటకును తొందరపడరాదు. ఘంటసాలవారు 1974లో కీర్తిశేషులైరి. వారి పాటలన్నియు సీడీలకు పూర్వము నాటివే. మూలపు టేపులో లేని స్వరము అంకెలు పెంచినంత మాత్రమున రాదు. మంచి మూలమునుండి శ్రద్ధగా చేసిన ప్రతిని వెదకుటయే మేలు.

తడబడు డిస్కులను ఏరుచుండగా మా తల్లిగారి మంగళహారతులు గల డిస్కు దొరకెను. పాత కేసెట్టునుండి ఇంటిలోనే వ్రాసికొన్నది. ఆ కేసెట్టు ఇప్పుడు లేదు. అట్టి డిస్కులలో అంకెలను నిలుపునది ఒక రంగుపూత; ఎండకును వేడికిని అది చెడును. కంప్యూటరు డ్రైవులో నెమ్మదిగా పలుమారులు చదివింపగా, ఒక్క పాట తప్ప తక్కినవన్నియు చేతికి వచ్చినవి. ఆ ఒక్కటి పోయినట్లే. మరియొక యేడాది ఆలసించియుండిన ఎన్ని మిగిలియుండెడివో!

వాటిని ఏమాత్రమును తరుగు లేని ఫ్లాక్ రూపమున రెండు ప్రతులు తీసి రెండు చోట్ల దాచితిమి. డాక్‌నకై కూడబెట్టిన సొమ్ము హార్డుడిస్కులకు చెల్లినది. ఆంప్లిఫయరునకు సామాన్యమైన చిన్న డాకే కంప్యూటరునుండి పాట నందించుచున్నది.

కావున మా మనవి యిది: ముందు మరల దొరకని ధ్వనులను కాపాడుకొనుడు. తరువాత గదిని, స్పీకర్లను చూచుకొనుడు. డాక్ మాట కడపట. యంత్రము రేపైనను కొనవచ్చును. పోయిన కంఠమును కొనలేము.