చేతినిబట్టి పాఠము, కంఠమునుబట్టి శ్రుతి

(సాంస్కృతిక సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంగీతవిద్యకు పాఠక్రమము ఎంత అవసరమో, ఆ క్రమమును విద్యార్థికి తగినట్లు అమర్చుటయు అంత అవసరము. పాఠము అందరికి ఒకటే కావచ్చును. చేయి ఒకటి కాదు, కంఠము ఒకటి కాదు. ఈ సత్యమును ఆచరణలో చూపిన ఉపాధ్యాయులలో పియానో విద్వాంసుడు ఫ్రెడరిక్ షోపాన్ ఒకరు.

పోలెండు దేశమున జన్మించిన షోపాన్ 1831లో పారిస్ నగరము చేరి, 1849లో మరణించువరకు అధికకాలము అచ్చటనే నివసించెను. శిష్యులకు విడివిడిగా చెప్పిన పాఠములు ఆయనకు ముఖ్యమైన జీవనాధారము. పియానోపై తెల్లమెట్లు మాత్రమే గల స్వరశ్రేణి చూచుటకు సులభము. షోపాన్ దానితో ఆరంభింపలేదు. పొట్టివైన బొటనవ్రేలు, చిటికెనవ్రేలు తెల్లమెట్లపైనను, పొడవైన మూడు నడిమివ్రేళ్లు నల్లమెట్లపైనను సహజముగా నిలుచు శ్రేణితో మొదలిడి, తెల్లమెట్ల శ్రేణిని చివరకు ఉంచెను. అన్ని వ్రేళ్లకు సమానబలము కల్పింపబూనుట ప్రకృతివిరుద్ధమనియు, ఒక్కొక్క వ్రేలికి గల నాదవిశేషమునే పెంపొందింపవలెననియు ఆయన తలంపు. దినమునకు 3 గంటలకు మించిన సాధన కూడదనెను. గొప్ప గాయకులను వినవలెనని, పియానో నేర్చువారు గానమును కూడ అభ్యసింపవలెనని శిష్యులకు చెప్పుచుండెను.

వ్రేళ్లకే ఇంత విచారణ కావలసియుండగా, కంఠము మాట చెప్పనేల? పియానో మెట్టు నొక్కిన స్వరము పలుకును. గాయకునికి తన దేహమే వాద్యము. పురందరదాసులవారు ఏర్పరచిరని సంప్రదాయము చెప్పు సరళీవరుసలు, జంటవరుసలు, అలంకారములు మాయామాళవగౌళ రాగమున అందరికి సమానమే. కాని కర్ణాటక సంగీతమున షడ్జమునకు అందరికి ఒకే స్థానము లేదు. పాడువారి కంఠమే దానిని నిర్ణయించును. హార్మోనియం మెట్ల లెక్కలో పురుషులకు సాధారణముగా ఒకటవ శ్రుతి దరిదాపున, స్త్రీలకు అయిదవ శ్రుతి దరిదాపున అది అమరును. పెద్ద కృతులకు మంద్రపంచమము నుండి తారపంచమము వరకు రెండు స్థాయిల విస్తారము తరచు కావలసివచ్చును. క్రిందిస్వరము వినబడవలెను, పైస్వరము కేక కారాదు.

20 మంది బాలబాలికలను ఒకే శ్రుతిపెట్టె ముందు కూర్చుండబెట్టినచో, కొందరు అరచుదురు, కొందరు గొణుగుదురు. కొన్నాళ్లకు తమకు గొంతు లేదని తీర్మానించుకొని విద్యనే మానుదురు. లోపము గొంతుది కాదు, శ్రుతిది. బాలురకు ఇంచుమించు 12 మొదలు 16 ఏండ్ల నడుమ కంఠము మారునప్పుడు ఈ ప్రమాదము మరింత ఎక్కువ. ఆ కాలమున శ్రుతి దించి, గాత్రసాధన కుదించి, తాళజ్ఞానమును స్వరజ్ఞానమును పెంచినచో విద్య తెగదు.

ఉద్యోగుల బిడ్డలకు మరొక చిక్కు బదిలీ. ఒక ఊర వర్ణము వరకు వచ్చిన బాలిక మరొక ఊర తిరిగి సరళీవరుసలకు కూర్చుండవలసివచ్చును. క్రొత్త గురువు ముందుగా ఆమెను పాడించి వినినచో ఈ అన్యాయము జరుగదు. 1919లో విజయనగరమున సంగీత కళాశాల వెలసినప్పుడు, విద్యార్థిగా చేరవచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాయులీనమును విని, వారిని ఆచార్యునిగానే నియమించిరి. వినక తరగతి నిర్ణయించియుండినచో ఆ కళాశాల ఎంత నష్టపడియుండెడిదో ఊహింపవచ్చును.

కావున మన సంఘముల సంగీతపు తరగతులలో వారమునకు ఒక్కొక్క బిడ్డకు 10 నిమిషములైనను విడిగా కేటాయింపవలెను. బృందగానము మానవలసిన పనిలేదు. పదిమందితో కలిసి పాడుటలోని ఉత్సాహము వేరు. ప్రతి విద్యార్థికి ఒక చిన్న పుస్తకము పెట్టి, అమరిన శ్రుతి, పూర్తియైన పాఠము, దిద్దవలసిన దోషము అందు వ్రాసి ఇచ్చినచో, అది ఏ ఊరికైనను తోడు వచ్చును. తండ్రికో తల్లికో బదిలీ తప్పకపోవచ్చును. బిడ్డ పాట మాత్రము ఆగిపోనక్కరలేదు.