ఆపరేషన్ ఒక్క రోజుది, అన్నం ప్రతిరోజుదీ

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచరును. నాలుగేళ్ల క్రితం బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పుడు నా బరువు 118 కిలోలు. తర్వాత 78 దాకా తగ్గి, ఇప్పుడు 82 దగ్గర నిలబడ్డాను. షుగరు, మోకాళ్ల నొప్పులు, రాత్రిళ్లు ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, ఈ మూడూ చాలావరకు నన్ను వదిలాయి. అల్హమ్దులిల్లాహ్.

వైద్య సాయం కోసం మన సొసైటీకి వచ్చే అర్జీల్లో ఈమధ్య ఈ ఆపరేషన్ పేరు కూడా కనిపిస్తోంది. అందుకే ఈ విషయం మీద మాట్లాడమన్నారు. దాతలుగా మీరు చూసే ఆసుపత్రి అంచనా కాగితంలో ఒక సంగతి ఉండదు. ఆపరేషన్ ఒకటి రెండు గంటల పని. ఆ తర్వాత తినడం మళ్లీ నేర్చుకోవడం జీవితాంతం సాగే పని. మన సాయం మొదటిదానితో ఆగిపోతే పేదింటి మనిషిని సగం దారిలో దించేసినట్టే. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఇది డబ్బున్నవాళ్ల జబ్బు అనే మాట ముందు పక్కన పెడదాం. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్ మహిళల్లో మూడో వంతుకు పైగా అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవాళ్లేనని తేలింది. మన నల్లరేగడి పొలాల్లో పత్తి తీసిన తరం నడిచీ వంగీ పనిచేసింది. ఇప్పుడు గుంటూరులో రోజంతా ఒకేచోట కూర్చుని మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లను చూడండి. మిషను ముందు కూర్చుని కుట్టే మన చెల్లెళ్లను చూడండి. కూలి తక్కువ, కదలిక తక్కువ, కంచంలో కూర కంటే అన్నం ఎక్కువ. బరువు పెరగడానికి సంపద అక్కర్లేదు.

ఇక ఆపరేషన్ సంగతి. అల్సరు కోసం జీర్ణాశయంలో కొంత భాగం తీసేసిన రోగులు సన్నబడటం గమనించి, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్, డాక్టర్ చికావో ఇటో 1966లో గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టారు. ఇప్పుడు ఎక్కువగా చేసేవి రెండు రకాలు. మొదటిది స్లీవ్. ఇందులో జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా తీసేసి, అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టంలా మిగులుస్తారు. రెండోది బైపాస్. ఇందులో పైన కోడిగుడ్డంత చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. నాకు చేసింది స్లీవ్. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే మొదటి నెలల్లో ఆకలి పెద్దగా తెలియదు.

ఇది అందం కోసం చేసేది కాదు, అందరికీ చేసేదీ కాదు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అంటే బీఎంఐ, 35 దాటినవారికి సిఫారసు చేయవచ్చని 2022లో అంతర్జాతీయ నిపుణుల సంఘాలు చెప్పాయి. షుగరు ఉన్న మనలాంటి ఆసియా వాసులకు అంతకంటే తక్కువలోనే ఆలోచించవచ్చన్నాయి. స్వీడన్‌లో నాలుగు వేలమందికి పైగా ఊబకాయులను సగటున దాదాపు పదకొండేళ్లు గమనించిన అధ్యయనం 2007లో వెలువడింది. ఆపరేషన్ చేయించుకున్నవారిలో మరణాలు తక్కువని అందులో తేలింది. కాబట్టి 'నోరు కట్టుకోలేక కోయించుకుంది' అనే మాట మన ఇళ్లలో ఇక వినపడకూడదు.

ఆపరేషన్ తర్వాత తిండి మెట్లుమెట్లుగా మొదలవుతుంది. ఒక్కో ఆసుపత్రి పద్ధతిలో కొద్ది తేడాలుంటాయి, మీ డాక్టరు మాటే మీకు ప్రమాణం. మొదటి ఒకటి రెండు రోజులు నీళ్లు, పలుచటి తేటలు మాత్రమే. తర్వాత రెండు వారాల దాకా పాలు, పలుచటి మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు, చికెన్ సూపు. మూడు, నాలుగు వారాల్లో మెత్తగా మెదిపినవి: పెసరపప్పు, పెరుగు, గిలక్కొట్టి ఉడికించిన గుడ్డు. ఆ తర్వాత ఇడ్లీ, మెత్తటి చేప, బాగా ఉడికిన కీమా. రెండు నెలలు దాటాక నెమ్మదిగా ఇంటి వంట.

చెప్పడానికి తేలికే. మొదటి వారం నేను ఒక చిన్న కాఫీ గ్లాసుడు పప్పుకట్టు తాగడానికి అరగంట పట్టింది. చెంచా చెంచాకీ ఆగాలి. గుటకేసి తాగితే రొమ్ము మధ్యలో రాయి పడ్డట్టుంటుంది. పసిపిల్లకు తిండి అలవాటు చేసినట్టు యాభై దాటిన శరీరానికి మళ్లీ అలవాటు చేయాలి.

నేర్చుకోవలసినవి ముఖ్యంగా నాలుగు.

మొదటిది నమలడం. ముద్ద చిన్నది, ఇరవై ముప్ఫైసార్లు నమిలి మింగాలి. మెత్తగా ముద్దకట్టిన అన్నం, బ్రెడ్డు, ఎండిపోయిన మాంసం ముక్క చాలామందికి నెలల తరబడి అడ్డుపడతాయి.

రెండోది నీళ్లు. భోజనంతో కలిపి తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. కానీ రోజంతా కలిపి లీటరున్నర నుంచి రెండు లీటర్లు లోపలికి పోవాలి. మన ప్రాంతపు మే నెల ఎండలో ఇది చిన్న పని కాదు. నేను బడికి రెండు సీసాలు తీసుకెళ్తాను, పీరియడ్ పీరియడ్‌కీ నాలుగు గుక్కలు తాగుతాను.

మూడోది వరస. కంచంలో ముందు మాంసకృత్తులు, తర్వాత కూరగాయ, చోటు మిగిలితే అన్నం. మనం పుట్టినప్పటి నుంచి తిన్న వరసకు ఇది తలకిందులు. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రెండు గుడ్లలో 12, రెండు గ్లాసుల పాలల్లో 13, కప్పు పెరుగులో 5, ఉడికిన చికెనో చేపో 75 గ్రాములు తింటే సుమారు 18, కప్పు చిక్కటి పప్పులో 7, గుప్పెడు శనగ గుగ్గిళ్లలో 5. అన్నీ కలిస్తే అప్పటికి 60. పొట్ట చిన్నది కనుక ఇవన్నీ ఐదారు విడతల్లో పోవాలి. ఈ లెక్కను ఒక కూలి మనిషి ఇంటి సరుకుల ఖర్చుతో పోల్చి చూడండి. నా ఆందోళన మీకు అర్థమవుతుంది.

నాలుగోది తీపి. చక్కెర ఎక్కువున్నది తింటే అది ఒక్కసారిగా పేగుల్లోకి జారుతుంది. అరగంటలోపే గుండె దడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనాలు రావచ్చు. ఒకటి నుంచి మూడు గంటల తర్వాత షుగరు పడిపోయి కళ్లు తిరగవచ్చు. దీన్ని డంపింగ్ అంటారు. బైపాస్ అయినవారిలో ఇది ఎక్కువ. మన షీర్ ఖుర్మా, డబుల్ కా మీఠా, రూహ్ అఫ్జా షర్బత్, ఒంగోలు మైసూర్‌పాకు, అన్నీ ఈ జాబితాలోవే.

కారం గురించి గుంటూరు మనిషిగా ఒక మాట చెప్పాలి. గోంగూర పచ్చడి, ఆవకాయ శాశ్వతంగా పోవు. మొదటి రెండు మూడు నెలలు కారం, నూనె బాగా తగ్గించి, తర్వాత కొద్దికొద్దిగా పరీక్షించుకోవాలి. ఆవకాయ ఇప్పుడు నేను చెంచా కొసన తింటాను. ఆ కొసలోనే రుచంతా ఉందని ఈ వయసులో తెలిసింది.

ఇంతవరకూ శరీరం సంగతి. దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవడం దీనికంటే కష్టం. మనం ప్రేమను వడ్డనతో చూపించే మనుషులం. 'ఇంకొక్క ముక్క వేసుకో బేటీ' అనకపోతే మనకు మర్యాద చేసినట్టుండదు. ఆపరేషనైన ఆరో నెలలో ఒక వలీమాలో నేను మూడు చెంచాల బిర్యానీ, ఒక చికెన్ ముక్క తిని చేయి కడుక్కుంటే, ఆ ఇంటి ఖాలా కళ్లు చెమర్చాయి. 'మా వంట బాగాలేదా?' అన్నారు. ఆమెది కోపం కాదు, ప్రేమే. కానీ ఆ ఒక్క మాటకు లొంగి నాలుగో చెంచా తిన్నవాళ్లు వాంతి చేసుకుంటారు. నెలల తరబడి లొంగుతూ పోయినవాళ్లు మళ్లీ బరువెక్కుతారు. కడుపులో కొంత భాగం తిండికి, కొంత నీటికి, కొంత ఊపిరికి వదలాలని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం బోధించినట్టు హదీసుల్లో చిన్నప్పుడే విన్నాం. మనం దాన్ని ప్రసంగాల్లో చెప్పి, దావత్‌ల్లో మరిచిపోతున్నాం.

రంజాన్ విషయం చాలామంది అడుగుతారు. ఆపరేషన్ తర్వాత మొదటి ఏడాది, ఏడాదిన్నర ఉపవాసం వద్దని చాలామంది నిపుణులు చెబుతారు. నీళ్లు, మాంసకృత్తులు గుక్కగుక్కగా రోజంతా పోవలసిన శరీరం అది. రోగికి ఖుర్ఆన్‌లోనే సడలింపు ఉంది. తర్వాత ఉంటే ఎలా, ఫిద్యా ఇస్తే ఎలా అన్నది ఆలిములను అడగండి. డాక్టరు సరేనన్నాక ఉపవాసం ఉన్నా, ఇఫ్తార్‌లో ఒక ఖర్జూరం, రెండు గుక్కల నీళ్లు, తర్వాత ఆగడం. హలీమ్ నాలుగు చెంచాలు చాలు. పగటిపూట మందు వేసుకుంటున్న మనిషిని చూసి పిల్లల ముందు ప్రశ్నలు వేయకండి.

ఇక మాత్రలు. చిన్న పొట్ట తీసుకునే తిండితో విటమిన్లు సరిపోవు. మల్టీవిటమిన్, బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వాడాలి. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి, ఐరన్‌తో టీ తాగకూడదు. మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆపైన ఏటా రక్తపరీక్షలు చేయించుకోవాలి. మూడో నెల నుంచి జుట్టు ఊడితే భయపడవద్దు, పోషణ సరిగా ఉంటే చాలామందికి మళ్లీ వస్తుంది. క్యాప్సూల్ పైపొర జెలటిన్‌తో చేస్తారని అనుమానించి కొందరు మన సోదరీమణులు మాత్రలే మానేస్తున్నారు. మానకండి. బిళ్లల రూపంలో, నమిలే రూపంలో, శాకాహార క్యాప్సూల్ రూపంలో దొరుకుతాయి. డాక్టరును అడిగి మార్పించుకోండి.

మానేస్తే ఏమవుతుందో జీవశాస్త్రం టీచరుగా చెబుతాను. బి12 తగ్గితే రక్తహీనత, పాదాల్లో తిమ్మిరి. రోజుల తరబడి వాంతులై బి1 తగ్గితే చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మతిమరుపు. ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. మొదటి వారాల్లో జ్వరం, గుండె వేగంగా కొట్టుకోవడం, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పుల మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు. షుగరు, బీపీ మందుల మోతాదు డాక్టరే తగ్గించాలి. పిల్లల్ని కనాలనుకునే అమ్మాయిలు ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి.

నాకు నెల నెలా జీతం వస్తుంది. మాత్రలు కొనగలిగాను, పరీక్షలకు సెలవు పెట్టగలిగాను. తొడిమలు తీసే చెల్లెలికి ఆసుపత్రికి పోయిన రోజు కూలి రాదు. ఇంట్లో గుడ్డు వండితే ఆమె ముందు పిల్లలకు పెడుతుంది, నెల తిరిగేసరికి మాత్రల పట్టీ ఖాళీ అవుతుంది. ఆపరేషన్ బాగా జరిగినా ఆమె నీరసించి పడిపోతే తప్పు ఆమెదని నేను అనలేను.

అందుకని దాతలకు నా మనవి నాలుగు మాటల్లో.

ఈ ఆపరేషన్‌కు సాయం మంజూరు చేసేటప్పుడే, తర్వాతి ఏడాది మాత్రలు, రక్తపరీక్షలు, గుడ్లు, పాల ఖర్చు కూడా అదే మంజూరులో పక్కన పెట్టండి. పదిమందికి ఆపరేషన్ చేయించి వదిలేసే కంటే ఆరుగురికి చేయించి ఏడాదంతా తోడుండటం మేలు.

అర్జీదారుకు ఆరోగ్య బీమా ఉంటే పాలసీ కాగితం తెప్పించి చూడండి. ఊబకాయం చికిత్స మినహాయింపుల్లో ఉన్నా, బీఎంఐ 40, లేదా తీవ్రమైన అనుబంధ జబ్బులతో 35 ఉండి, డాక్టరు సలహా వంటి షరతులు నెరవేరితే ఆ మినహాయింపు వర్తించదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 మార్గదర్శకాల్లో పేర్కొంది. బీమా ఇచ్చేచోట మన డబ్బు మిగిలితే అది తర్వాతి ఏడాదికి పనికొస్తుంది.

ఆపరేషన్‌కు ముందే భర్తనూ అత్తమ్మనూ పిలిచి కూర్చోబెట్టి మాట్లాడండి. వంట చేసే చేతికి తెలియకపోతే తినే నోటికి కష్టం. ఆపరేషన్ అయిన ఒక మనిషిని ఈ కొత్త మనిషికి తోడుగా పెట్టండి. బడి అయ్యాక ఫోనులో మాట్లాడటానికి నేను సిద్ధం.

చివరిది, ఖర్చు లేనిది. మన సొసైటీ విందుల్లో వడ్డించే బల్ల మీద కొన్ని చిన్న ప్లేట్లు కూడా పెట్టించండి. ఎవరు ఎందుకు తీసుకున్నారని అడగవద్దు. షుగరున్న పెద్దలు, పిల్లలు, నాలాంటివాళ్లు తలొంచుకోకుండా అందరితో కలిసి కూర్చుని తింటారు. కొద్దిగా తిన్నా కలిసి తిన్నదాంట్లో బర్కత్ ఉంటుంది.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. రోగులకు షిఫా, వారిని చూసుకునే ఇంటివాళ్లకు ఓపిక ప్రసాదించుగాక. ఆమీన్.