సరిహద్దు పట్టణం నుండి ప్రపంచానికి ఉత్తరం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

అంతర్జాతీయ రచనా పోటీలనగానే తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలు తల వంచుకుంటారు. “అవి ఇంగ్లీషు బడి పిల్లలకు” అన్న మాట పెద్దల నోటి నుండే వారి చెవిన పడుతుంది. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. రాయల్ కామన్వెల్త్ సొసైటీ 1883లో ఆరంభించిన వ్యాసరచన పోటీ ఆంగ్లంలోనే జరుగుతున్నది. అయితే అది పూర్తిగా నిజమూ కాదు.

బెర్న్ నగరంలోని అంతర్జాతీయ తపాలా సంఘం 1971 నుండి బాలబాలికలకు లేఖారచన పోటీ నిర్వహిస్తున్నది. 9 నుండి 15 సంవత్సరాల వయస్సు వారు అర్హులు. భారత తపాలా శాఖ నిబంధనల ప్రకారం రాజ్యాంగంలోని ఎనిమిదవ షెడ్యూలు భాషలలో దేనిలోనైనా వ్రాయవచ్చు. అందులో తెలుగు ఉన్నది, కన్నడమూ ఉన్నది. దేశం తరఫున ఎంపికైన లేఖకు ఇంగ్లీషు లేక ఫ్రెంచి అనువాదం జతచేస్తారు. అనగా ముందు కావలసినది చెప్పదగిన మాట. పరభాష ఆ తరువాతి మెట్టు.

2025లో ఇచ్చిన అంశం ఇది: నీవే సముద్రమని ఊహించుకొని, నిన్ను ఎందుకు, ఎలా కాపాడాలో ఒకరికి ఉత్తరం వ్రాయుము. బళ్ళారి పిల్లలలో సముద్రం చూడనివారు ఎందరో ఉంటారు. కాని తుంగభద్ర కాలువను ఎరుగనివారు లేరు. ఆ నది కృష్ణలో కలిసి బంగాళాఖాతం వైపు సాగుతుందని భూగోళ పాఠం చెబుతుంది. 2024 ఆగస్టులో జలాశయం 19వ గేటు కొట్టుకొనిపోయినప్పుడు ఆయకట్టు రైతుల ఆందోళన ఎందరి ఇళ్ళలోనో వినిపించింది. “నీ పొలానికి రావలసిన నీరు ఆనాడు నా వైపు పరుగెత్తింది” అని సముద్రం చేత పలికించగలవారు ఆ రైతుల బిడ్డలే. గ్రంథాల నుండి ఏరి కూర్చిన వాక్యాలకు ఆ బలం రాదు.

సంస్కృతీ వినిమయం ఈ పట్టణానికి కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోను, బళ్ళారి మైసూరులోను చేరినా, ఇంట తెలుగు, వీధిలో కన్నడం అన్న జీవనం చెదరలేదు. ఈ ఊరి కోలాచలం శ్రీనివాసరావు తెలుగు నాటకాలు వ్రాస్తూనే 1908లో ప్రపంచ నాటక చరిత్రను ఆంగ్లంలో వెలువరించారు. బళ్ళారి రాఘవ తెలుగు, కన్నడ, ఆంగ్ల రంగస్థలాలపై నటించి ఇంగ్లండు వరకు వెళ్ళివచ్చారు. మాతృభాష వారికి అడ్డుగోడ కాలేదు, పునాది అయింది.

కనుక ఉపాధ్యాయులు పిల్లల ఉత్తరాలలో అక్షరదోషాలు దిద్దాలి గాని, ఆలోచనను తమదిగా మార్చరాదు. తొలి ఉత్తరం పక్కవీధి కన్నడ పాఠశాల నేస్తానికే వ్రాయించవచ్చు. బహుమతి కొందరికే దక్కుతుంది. తన మాటను ఎదుటివారు చదువుతారన్న ధైర్యం మాత్రం వ్రాసిన ప్రతి బిడ్డకూ దక్కుతుంది. ఈ జూబిలీ వేళ పాఠశాల తన పిల్లలకు ఇవ్వవలసిన కానుక అదే.

స్వస్తి.