మంచుదేశంలో కీటకాహారి మొక్కలు

పురుగులను పట్టి తినే మొక్కలన్నీ వేడి ప్రాంతాలవి కావు. ఊదారంగు సర్రసీనియా కెనడా బురదనేలల్లో సహజంగా పెరుగుతుంది. న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్ రాష్ట్రానికి అదే అధికార పుష్పం. వీనస్ ఫ్లైట్రాప్ పుట్టినచోటు అమెరికాలోని కరొలైనా తీర మైదానం. రెండింటికీ చలికాలపు విశ్రాంతి తప్పనిసరి. పొద్దు తగ్గి చలి ముదిరేకొద్దీ పెరుగుదల ఆగుతుంది, పాత ఆకులు నల్లబడతాయి. చచ్చిపోయిందనుకుని మొక్కను పారేసేవాళ్లు ఎందరో! మట్టిలోని దుంప మాత్రం బతికే ఉంటుంది. మూడు నాలుగు నెలలు 0 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ చల్లదనం దానికి హాయి. ఏడాది పొడవునా వెచ్చని గదిలో ఉంచితేనే క్రమంగా నీరసిస్తుంది.

అసలు ప్రమాదం కుండీతోనే. నేలలోకన్నా కుండీలో వేర్లు త్వరగా గడ్డకడతాయి; అప్పుడు పొడిగాలి వీస్తే ఆకులకు నీరందదు, మొక్క ఎండిపోతుంది. అందుకే సర్రసీనియా కుండీని అంచుదాకా నేలలో పాతి, పైన్ ఆకులు దట్టంగా కప్పుతారు. ఫ్లైట్రాప్ అంత గట్టిది కాదు. చలి తీవ్రమైనచోట దాన్ని వేడి పెట్టని గ్యారేజీలోకి మార్చడమే మేలు. పీట్, ఇసుక కలిపిన మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి, వాననీటితోనే. ఆ మట్టిలో ఎరువు వేస్తే వేర్లు మాడిపోతాయి. వసంతంలో కొత్త చిగుర్లు కనిపించగానే కప్పు తీసి, నిండు ఎండలో ఉంచాలి.