మా పంచాయతీ: ఒక యేటి పని

గ్రామ పంచాయతీ యనగానే మనలో పెక్కుమందికి ఎన్నికలు జ్ఞప్తికి వచ్చును. వాడవాడల జెండాలు, ఊరేగింపులు, ఓట్ల లెక్కింపు నాటి రాత్రి జాగరణ, ఇవియే కన్నుల ముందు మెదలును. కాని ఎన్నిక ఒక్కనాటి ముచ్చట. పంచాయతీ పని యేడాది పొడవునను సాగవలసినది. ఆ పని యెట్టిదో, గోదావరి డెల్టాలోని ఒక చిన్న గ్రామమున వార్డు సభ్యుడనై నేను చూచినంతవరకు శ్రోతలకు మనవి చేసెదను. ఆంధ్రప్రదేశమున 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగినవి. నేను చెప్పబోవునది 2022 ఏప్రిల్ మొదలు 2023 మార్చి వరకు నడచిన సంగతి.

పంచాయతీలను ఏర్పరుపవలెనని మన రాజ్యాంగములోని 40వ అధికరణము ఆదేశించినది. 1959లో రాజస్థానము తరువాత మన రాష్ట్రము పంచాయతీ రాజ్య విధానమును చేపట్టినది. 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను ఒక షెడ్యూలుగా చేర్చినది. ఆ అధికారములన్నియు నిజముగా చేతికందినవా యన్నది వేరు చర్చ. చేతనున్న దానితో మేమేమి చేసితిమన్నదే నేటి విషయము.

డెల్టా గ్రామములకు వేసవి యొక పరీక్ష. చుట్టును కాలువలున్నను, మా వంటి యూళ్లలో భూమిలోని నీరు ఉప్పన. కాలువలు కట్టివేయక పూర్వమే మంచినీటి చెరువును నింపుకొనవలెను. ఆ యేడు చెరువునకు నీరు వచ్చు బోదెను గుర్రపుడెక్క కమ్మివేసినది. కాగితములు కదలుటకు వ్యవధి లేదు. సభ్యులము, ఊరి యువకులును రెండు దినములు బోదెలోనికి దిగి దానిని లాగివేసితిమి. చెరువు నిండినది. మే నెల గడచినది. మేమందరమును భుజములు చరచుకొంటిమి.

ఆ యుత్సాహములోనే జూన్ సమావేశమున ఊరి మొదట ఒక స్వాగత తోరణము కట్టింపవలెనని తీర్మానించితిమి. ప్రక్క యూరికి కలదు, మనకు లేకున్న చిన్నతనమని వాదము. చేయెత్తిన వారిలో నేనును ఒకడను.

వానలు పడిన పిమ్మట ఆగస్టులో పల్లపు వీధి పిల్లలకు వాంతులు, విరేచనములు పట్టుకొన్నవి. దైవానుగ్రహమున ప్రాణాపాయము కలుగలేదు. వెదకి చూడగా, ఆ వీధి గొట్టము మురుగుకాలువ గుండ పోవుచున్నది; ఒక అతుకు వద్ద పగిలియున్నది. నీరు వదలినంతసేపు ఒత్తిడి వలన మంచినీరు వెలుపలికి కారును. నీరు కట్టివేసిన తోడనే గొట్టము ఖాళీయై మురుగును లోనికి పీల్చుకొనును. మరల నీరు వదలినపుడు మొదటి బిందెలోనికి చేరునది ఆ మురుగే.

వేరొక లోపమును బయటపడినది. ట్యాంకులో బ్లీచింగు పొడిని చేతికి వచ్చినంత వేయుచుండిరి. దానికొక లెక్క యున్నదని అప్పుడు నేర్చుకొంటిమి. మేలురకపు పొడి వేయి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు, అనగా అరువది వేల లీటర్ల ట్యాంకునకు 150 గ్రాములు. పొడి కలిపిన పిదప గంటసేపు ఆగి నీరు వదలవలెను. చివరి కుళాయి వద్ద లీటరు నీటిలో కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెను. నాటినుండి చివరి కుళాయి వద్ద పరీక్షించి, పుస్తకములో వ్రాసి, ఒక సభ్యుడు సంతకము చేయు నియమము పెట్టుకొంటిమి.

గాంధీ జయంతి నాడు గ్రామసభ జరిగినది. తోరణపు తీర్మానమును కార్యదర్శి చదువుచుండగా పల్లపు వీధినుండి వచ్చిన యొక పెద్దావిడ లేచి నిలిచినది. "నాయనలారా! తోరణము క్రిందుగా వచ్చిన చుట్టమునకు మేము ఏ నీళ్లిచ్చేది?" అని యడిగినది. సభలో ఎవ్వరును మారు పలుకలేదు. నేను తల వంచుకొంటిని. తోరణము మాని, ఆ సొమ్ముతో గొట్టములు మార్చవలెనని సభ కోరినది. తరువాతి సమావేశమున మా పాత తీర్మానమును రద్దు చేసితిమి.

అయినను సొమ్ము చాలలేదు. 2021-22 మొదలు 2025-26 వరకు పదునైదవ ఆర్థిక సంఘపు నిధులలో నూటికి 60 వంతులు త్రాగునీటికిని పారిశుధ్యమునకును సరిసమానముగా కేటాయింపబడినవి. అందు మా గ్రామమునకు వచ్చినది సగము పనికే సరిపోయినది. తక్కినది ఇంటిపన్నునుండి రావలెను. బకాయిల జాబితా తీయగా, పూరిండ్ల వారి బాకీ స్వల్పము. మేడల వారిదే యధికము. అడుగుట కెవ్వరికిని నోరు రాలేదు.

మా సర్పంచి ఒక స్త్రీ. 2011లో మన రాష్ట్రము స్థానిక సంస్థలలో స్త్రీలకు సగము స్థానములు కేటాయించినది. మొదట ఆమె సమావేశములలో మాటాడునది కాదు. ఆమె భర్తయే మాటాడెడివాడు. ఆమె మొదట తన మామగారి యింటి బకాయి కట్టించినది. ఆ రసీదు చేతబట్టుకొని మాతో గడప గడపకు తిరిగినది. "మామయ్యగారే కట్టినారు, బాబాయిగారూ, ఇక మీ వంతు" అను నామె మాటకు ఎదురాడ నెవ్వరికిని ముఖము చెల్లలేదు. సంక్రాంతి నాటికి బకాయిలలో అధికభాగము వసూలైనది. నాటినుండి భర్త సమావేశమునకు వచ్చుట మానుకొన్నాడు.

ఫిబ్రవరిలో పల్లపు వీధికి క్రొత్త గొట్టములు మురుగునకు దూరముగా వేసితిమి. మార్చిలో జమాఖర్చులు అందరి యెదుట చదివితిమి. చేయలేనివియు కలవు. చెత్తనుండి ఎరువు తయారు చేయుటకు కట్టిన షెడ్డు ఖాళీగానే యున్నది. తడిచెత్త, పొడిచెత్త వేరుచేయు నలవాటు మాకింకను కుదురలేదు. తూర్పు వీధి గొట్టములు ఆ యేటికి పాతవే మిగిలినవి. ఇవియు దాచక లెక్కలలోనే చదివితిమి.

శ్రోతలారా! గ్రామసభ యనిన నలుగురు సంతకములు పెట్టి పోవు చోటని తలంపకుడు. మీ యూరి సభకు వెళ్లుడు. పన్ను కట్టి రసీదు పుచ్చుకొనుడు; ఆ రసీదుతో లెక్క యడుగుడు. ఆనాడు ఆ పెద్దావిడ ఇంటనే కూర్చుండి యున్నచో, మా యూరి మొదట చక్కని తోరణ ముండెడిది; పల్లపు వీధి బిందెలలో మురుగునీరు ఉండెడిది.